రెండుంబావు క్లాసు: పిల్లలు ఎందుకు తూగుతారు, ఎలా మేలుకుంటారు

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. భోజనాలయ్యాక రెండుంబావుకి మొదలయ్యే పీరియడ్ అంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ ఇష్టం ఉండదు, జూన్‌లో టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ఆ గడి ఎవరి నెత్తిన పడుతుందా అని అందరూ ఓ కన్నేసి ఉంచుతారు. బోర్డు మీద ఓ లెక్క చేసి వెనక్కి తిరిగేసరికి ముందు రెండు బెంచీలు కళ్లు విప్పార్చుకుని ఉంటాయి, అక్కడి నుంచి వెనక్కి తలలు ఒక్కోటీ వాలిపోతూ ఉంటాయి.

ఓసారి మూడో బెంచీలో కునికిపాట్లు పడుతున్న ఒకబ్బాయి నోట్స్ తీసి చూశాను. న్యూటన్ రెండో సూత్రం సగం రాశాడు, అక్కడి నుంచి పెన్ను గీత కిందికి జారి మూడు లైన్లు దాటి మార్జిన్ దాకా పోయి ఆగింది. మళ్లీ పైన ఇంకో రెండు మాటలు, మళ్లీ జారుడు. ఒక్క పేజీలో అలాంటి గీతలు నాలుగున్నాయి. "ఏరా పడుకున్నావా" అంటే "లేదు సార్, వింటున్నా" అన్నాడు. అందరూ నవ్వారు కానీ వాడు అబద్ధమాడలేదని నాకు తర్వాత అర్థమైంది, వాడికి నిజంగానే తెలీదు.

ఇలాంటి పిల్లల గురించి ఇంట్లో ఒక మాట, స్టాఫ్‌రూమ్‌లో ఒక మాట, మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో ఇంకో మాట వినపడుతుంది. ఫోన్ల వల్ల అంటారు, అన్నం ఎక్కువ తినడం వల్ల అంటారు, లెక్చరర్‌కి చెప్పడం రాక అంటారు, బద్ధకం అంటారు. అన్నిట్లోనూ కొంత నిజం ఉంది, అందుకే ఇది ఓ పట్టాన తేలదు.

అలసట వేరు, నిద్ర వేరు, బోరు వేరు

ముందు ఈ మూడింటినీ విడదీద్దాం. కబడ్డీ ఆడొచ్చినవాడు అలిసిపోయి ఉంటాడు, కానీ కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగితే తేరుకుంటాడు. నిద్రమత్తు అలా కాదు, కూర్చుంటే తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ మెదడు అడుగుతోంది విశ్రాంతి కాదు, నిద్రనే. ఇక బోరు కొట్టినవాడు కిటికీలోంచి చూస్తాడు, పక్కోడిని గిల్లుతాడు, బెంచీ మీద కంపాస్‌తో పేరు చెక్కుతాడు. కానీ వాడు రాత్రి నిండుగా పడుకున్నవాడైతే ఎంత బోరు కొట్టినా పగలు తూగడం తక్కువే.

ఈ ఆఖరి మాట చాలామంది ఒప్పుకోరు, పాఠం బోరుగా ఉంది కాబట్టే నిద్రొచ్చింది అంటారు. పెళ్లింటిని గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున ముహూర్తం, రాత్రంతా పెళ్లికూతురి అన్నయ్య వడ్డనలని, పురోహితుడికి కావాల్సినవని, చుట్టాలకి మంచాలని తిరుగుతూనే ఉంటాడు, ఒక్క ఆవులింత కూడా కనపడదు. తలంబ్రాలు అయ్యాక ఒక ప్లాస్టిక్ కుర్చీ దొరికి అందులో కూలబడ్డాడంటే రెండో నిమిషంలో గురక. నిద్ర కుర్చీలోంచి వచ్చిందా? అది రాత్రి పన్నెండు నుంచీ వాడి లోపలే ఉంది, పనిలో పడి కనపడలేదంతే. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు చెప్పేదీ ఇదే, బోరు నిద్రని పుట్టించదు, లోపల దాగున్న నిద్రని బయటపెడుతుంది. మన బోరింగ్ పాఠం ఆ ప్లాస్టిక్ కుర్చీ లాంటిది.

అందుకే పాఠం బాగా చెప్పడం, పిల్లలు నిద్రపోయేలా చూడడం అనేవి రెండు వేరు పనులు, ఒకటి ఇంకోదాన్ని కొంతసేపు కప్పుతుంది కానీ దాని పని చేసిపెట్టదు.

నిద్ర ఎలా ముంచుకొస్తుంది

1982లో స్విట్జర్లాండ్‌లో అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త ఒక మోడల్ చెప్పాడు, ఇప్పటికీ నిద్ర గురించి మాట్లాడేవాళ్లు దాన్నే ఆధారంగా పెట్టుకుంటారు. అందులో రెండు సంగతులున్నాయి.

ఒకటి ఒత్తిడి. మనం మేలుకున్నంతసేపూ మెదడు పనిచేస్తూ శక్తి ఖర్చుపెడుతుంది, ఆ క్రమంలో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగేకొద్దీ నిద్ర కావాలనిపిస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. సరిపడా పడుకోకపోతే పొద్దున లేచేసరికే కొంత మిగిలిపోయి ఉంటుంది, రోజు దానిమీద మొదలవుతుంది.

రెండోది గడియారం. కళ్ల వెనక, మెదడు అడుగుభాగంలో ఉండే ఒక చిన్న కణాల గుంపు వెలుతురుని బట్టి ఒంటికి టైము చెప్తుంటుంది. ఇది పగలు మనల్ని నిలబెట్టి ఉంచుతుంది, రాత్రి చేయి వదిలేస్తుంది. అయితే పగలంతా ఒకేలా పట్టుకోదు, మధ్యాహ్నం ఒకటి నుంచి నాలుగు మధ్యలో ఈ పట్టు కాస్త సడలుతుంది, సాయంత్రానికి మళ్లీ బిగుస్తుంది. రాత్రి ఏడింటికి స్టడీ అవర్‌లో అదే పిల్లలు కళ్లు తెరుచుకుని గుసగుసలాడేది ఇందుకే.

రాత్రి నిండుగా పడుకున్నవాడికి ఈ మధ్యాహ్నపు సడలింపు ఒక ఆవులింతతో పోతుంది. పొద్దుటి నుంచే ఒత్తిడి మిగిలి ఉన్నవాడికి రెండూ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు మెదడు అడక్కుండానే కొన్ని సెకన్లు ఆగిపోతుంది, దీన్ని మైక్రోస్లీప్ అంటారు. కళ్లు తెరిచే ఉండొచ్చు, చేతిలో పెన్ను ఉండొచ్చు, పడుకున్నట్టు మనిషికి తెలియకపోవచ్చు. నోట్స్‌లో ఆ నాలుగు గీతలు అవే.

పదహారేళ్లవాడికి పదింటికి నిద్ర ఎందుకు రాదు

"మేం నీ వయసులో తొమ్మిదింటికి పడుకుని నాలుగింటికి లేచేవాళ్లం" అనే మాట మనందరం వినే ఉంటాం, ఇప్పుడు మనమే అంటున్నాం కూడా. పూర్వం విద్యార్థి లక్షణాలు ఐదు చెప్పి అందులో శ్వాననిద్ర ఒకటని పెట్టారు, కుక్కలా చిన్న చప్పుడుకే లేవాలని. పిలకకి తాడు కట్టి దూలానికి బిగించుకుని చదివారట అనే కథ మా తాతగారు చెప్తే నేను నమ్మాను, మా నాన్నగారు కూడా నమ్మారు. అంటే నిద్ర తగ్గించడమే చదువు అనే భావన మనకి కార్పొరేట్ కాలేజీలు నేర్పింది కాదు, అంతకు ముందు నుంచీ ఉన్నదే.

ఒంటి సంగతి చూస్తే ఇంకోలా ఉంది. యుక్తవయసు రాగానే రాత్రి అయిందని చెప్పే మెలటోనిన్ విడుదలవడం గంట నుంచి రెండు గంటలు ఆలస్యమవుతుంది, అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ లాంటి నిద్ర పరిశోధకులు దీన్ని దశాబ్దాలపాటు కొలిచి చూపించారు. ఎనిమిదేళ్ల పిల్లాడు తొమ్మిదింటికే సోలిపోతాడు, అదే పిల్లాడికి పదహారేళ్లు వచ్చాక పదింటికి లైటు తీసినా పక్క మీద అటూ ఇటూ పొర్లుతాడు. ఇందులో ఫోన్ పాత్ర లేదని కాదు, ఉంది. కానీ ఫోన్ వెలుతురు మెలటోనిన్‌ని ఆపేస్తుందనే మాట చెప్పినంత పెద్దది కాకపోవచ్చు, అందులో చూసే రీల్స్, చాటింగ్ వదిలి పడుకోబుద్ధి కాకపోవడమే ఎక్కువ సమస్య అనే వాదన ఇప్పుడు బలంగానే ఉంది. ఫోన్ పూర్తిగా లేని హాస్టల్ పిల్లలు కూడా క్లాసులో తూగుతున్నారు కదా, కాబట్టి నేరం మొత్తం దాని మీద వేయలేం.

నిద్ర ఆలస్యంగా వచ్చినా కావాల్సిన మొత్తం మాత్రం తగ్గదు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. మన ఇళ్లలో ఈ అంకె చెప్తే నవ్వుతారు.

ఒక హాస్టల్ రోజుని లెక్కేసి చూద్దాం

ఏ కాలేజీ పేరూ వద్దు, చాలా చోట్ల కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది. ఐదింటికి బెల్లు. ఐదున్నర నుంచి ఏడుంబావు దాకా స్టడీ అవర్, తర్వాత స్నానం, టిఫిన్. ఎనిమిది నుంచి పన్నెండు ముప్పావు దాకా క్లాసులు. భోజనం. ఒకటిన్నర నుంచి ఐదు దాకా మళ్లీ క్లాసులు. ఆరుంబావు నుంచి ఎనిమిదింబావు స్టడీ, భోజనం, తొమ్మిది నుంచి పదిన్నర మళ్లీ స్టడీ. పది ముప్పావుకి లైట్లు తీస్తారు, గదిలో ఎనిమిది మంది ఉంటే కబుర్లాగి నిద్రపట్టేసరికి పదకొండుంబావు.

పదకొండుంబావు నుంచి ఐదు అంటే 5 గంటల 45 నిమిషాలు. కనీసం 8 గంటలు కావాలనుకుంటే రోజుకి 2 గంటల 15 నిమిషాలు లోటు, ఆరు రాత్రులకి పదమూడున్నర గంటలు. ఆదివారం దయతలచి ఏడింటిదాకా వదిలారనుకుందాం, అప్పుడు పడుకున్నది 7 గంటల 45 నిమిషాలు, అంటే ఆ ఒక్క రోజుకి కావాల్సిందే పూర్తిగా రాలేదు, పాత బాకీలో పైసా తీరలేదు. నిద్ర బాకీ అచ్చంగా బ్యాంకు అప్పు లాంటిది కాదు లెండి, పోయిన ప్రతి గంటకీ గంట కట్టాల్సిన పనిలేదు, దొరికిన నిద్రలోనే మెదడు ముందు గాఢనిద్రని ఎక్కువగా లాక్కుని కొంత సర్దుకుంటుంది. కానీ సర్దుకోవడానికైనా ఓ రాత్రి ఖాళీ ఉండాలి కదా.

డే స్కాలర్ నయం అనుకుంటాం. వాడి స్టాపుకి కాలేజీ బస్సు ఆరున్నరకి వస్తుంది, కాబట్టి ఐదు ముప్పావుకి లేవాలి. రాత్రి హోమ్‌వర్క్ అయ్యి, కాసేపు ఫోన్ చూసి పడుకునేసరికి పన్నెండు. లెక్కేయండి, అదే 5 గంటల 45 నిమిషాలు.

ఇక్కడ ఇంకో నష్టం కూడా ఉంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోం. నిద్ర మొత్తం ఒకే రకంగా ఉండదు, మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, తెల్లవారుజామున కలలొచ్చే నిద్ర ఎక్కువ. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఈ రెంటిలోనే. ఐదింటి బెల్లు కోసేది చివరి భాగాన్ని. అంటే ఆ తెల్లవారుజాము స్టడీ అవర్ కొత్త పాఠానికి చోటిస్తోంది, నిన్నటి పాఠం కుదురుకునే టైముని తీసుకుంటోంది.

"అలవాటైపోయింది సార్"

పిల్లలు ఇలా అంటారు, తల్లిదండ్రులూ అంటారు. "మావాడికి ఐదు గంటలు చాలు సార్, మొదట్లో కష్టపడ్డాడు, ఇప్పుడు ఏం లేదు."

2003లో అమెరికాలో హాన్స్ వాన్ డాంగెన్ బృందం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని ల్యాబ్‌లో పెట్టి కొందరిని రోజుకి ఎనిమిది గంటలు, కొందరిని ఆరు, కొందరిని నాలుగు గంటలు మాత్రమే పక్క మీద ఉండనిచ్చారు, రెండు వారాలపాటు. రోజూ ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. ఆరు గంటలవాళ్లు రెండు వారాలు తిరిగేసరికి పూర్తిగా ఒక రాత్రి నిద్ర లేనివాళ్లలా పరీక్షల్లో తడబడ్డారు, రోజురోజుకీ దిగజారుతూనే ఉన్నారు. "నీకెంత నిద్రమత్తుగా ఉంది" అని అడిగితే మాత్రం మొదటి కొన్ని రోజులు పెంచుకుంటూ పోయి తర్వాత పెద్దగా పెంచలేదు. అంటే అలవాటైంది నిద్రలేమి కాదు, మత్తుగా ఉన్నట్టు తెలియకపోవడం.

పుట్టుకతోనే తక్కువ నిద్ర సరిపోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు, జన్యువుల్లో మార్పుల వల్ల ఆరు గంటలకే హాయిగా లేచేవాళ్లని శాస్త్రవేత్తలు గుర్తించారు, కానీ వాళ్లు చాలా అరుదు. ర్యాంకర్ల ఇంటర్వ్యూల్లో "నాలుగు గంటలే పడుకున్నా" అనేవాడు ఆ అరుదైనవాడా, లేక ఎనిమిది గంటలు పడుకునుంటే ఇంకా మంచి ర్యాంకు వచ్చేవాడా అనేది మనకి తెలిసే దారి లేదు.

అన్నం తప్పా, గది తప్పా

అన్నం తింటే నిద్రొస్తుందనేది సగం నిజం. భోజనం మానేసినా మధ్యాహ్నపు ఆ సడలింపు వస్తుంది, అది గడియారం పని. అయితే కడుపు నిండా అన్నం, పైన పెరుగన్నం కూడా అయ్యాక అది ఇంకాస్త లోతుగా ఉంటుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చి మధ్యాహ్నం ఒక్కసారే లాగించే పిల్లల్లో ఎక్కువగా చూస్తాం.

గది గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 9 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు ఉన్న గది తీసుకుందాం, అందులో గాలి 220 క్యూబిక్ మీటర్లు, అంటే రెండు లక్షల ఇరవై వేల లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి గంటకి సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. సెక్షన్‌లో 80 మంది ఉంటే గంటకి 1,440 లీటర్లు. తలుపులు కిటికీలు బిగించి ఏసీ వేశారనుకుంటే గంటలో అది దాదాపు 6,500 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో అన్ని పాళ్లు) పెరగాలి, అంటే పదంటే పది నిమిషాల్లో వెయ్యి దాటుతుంది, బయట గాలిలో ఉండేదేమో 420 చిల్లర. నిజం గదిలో తలుపు సందుల్లోంచి కొంత గాలి మారుతుంది కాబట్టి అంత పైకి పోదు, కానీ లెక్క ఎటు పోతోందో తెలుస్తోంది కదా. మామూలు స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరుస్తుంది, బయటిది తీసుకురాదు, ఈ ముక్క నేను చెప్తే మా స్టాఫ్‌లోనే చాలామంది ఆశ్చర్యపోయారు.

ఆ గాలి నేరుగా నిద్ర తెప్పిస్తుందా అనే దగ్గర పరిశోధకులు కలవరు. 2012లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగంలో వెయ్యి, రెండున్నర వేల పీపీఎం దగ్గర మనుషులు నిర్ణయాలు తీసుకోవడంలో వెనకబడ్డారు, తర్వాత చేసిన కొన్ని ప్రయోగాల్లో అలాంటి తేడా కనపడలేదు. కార్బన్ డయాక్సైడ్ తప్పు కాకపోవచ్చు, దాంతోపాటు పేరుకునే వేడి, ఉక్క, చెమట వాసన కావచ్చు అనేది ఒక వాదన. ఏదైతేనేం, కిటికీ తెరవడానికి ఖర్చు లేదు, రోడ్డు పక్క బిల్డింగ్ అయితే హారన్ల మోత వస్తుంది, అదొక్కటే.

లేపే చిట్కాలు ఎంతసేపు పనిచేస్తాయి

మొహం కడుక్కుని రమ్మనడం, నిలబెట్టడం, గట్టిగా టేబుల్ కొట్టడం, పేరు పిలిచి ప్రశ్న అడగడం, ఇవన్నీ పనిచేస్తాయి, కొన్ని నిమిషాలు. ఒంటికి ఒక కుదుపు వస్తుంది, మెదడు అప్రమత్తమవుతుంది, కానీ అడెనోసిన్ ఎక్కడిదక్కడే ఉంది కాబట్టి కుదుపు తగ్గగానే తల మళ్లీ వాలుతుంది. నిలబెట్టినవాడు నిలబడే తూగడం నేను చూశాను, కిటికీ ఊచ పట్టుకుని. నిలబెట్టడం గురించి ఇంకో గొడవ కూడా ఉంది, శిక్షగా నిలబెడితే వాడు సిగ్గుతో పాఠం వినడు, "నిద్రొస్తే నువ్వే లేచి వెనక నిలబడు, ఎవరూ ఏమనరు" అంటే అదే పని వాడికి సాయమవుతుంది. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి.

టీ, కాఫీ సంగతి వేరు. కెఫీన్ పోయి అడెనోసిన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది, అందుకని మెదడుకి నిద్ర కబురు అందదు. అడెనోసిన్‌ని అది తీసేయదు, అడ్డం కూర్చుంటుందంతే, కెఫీన్ అక్కడి నుంచి లేవగానే కబురు మొత్తం ఒక్కసారే అందుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో సగం కెఫీన్ పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదింటి స్టడీ అవర్‌కి ముందు హాస్టల్‌లో ఇచ్చే టీ, తెల్లవారి రెండింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉందన్నమాట. నిద్రపట్టినా ఆ నిద్ర పలచగా ఉంటుంది.

ఇక కునుకు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు, బెంచీ మీద తల పెట్టుకున్నా నిద్రపడుతుంది. జపాన్‌లోని ఫుకువోకా ప్రాంతంలో మేయ్‌జెన్ హైస్కూల్ 2005 నుంచి మధ్యాహ్నం భోజనం తర్వాత పిల్లలకి 15 నిమిషాల కునుకు పెట్టింది. అమెరికాలో నాసా చేసిన ఒక అధ్యయనంలో విమాన పైలట్లకి 40 నిమిషాలు కునుకు తీసే వీలిస్తే వాళ్లు సగటున 26 నిమిషాలు పడుకున్నారు, తర్వాత మెలకువలో, పనిలో తేడా స్పష్టంగా కనపడింది. పదిహేను ఇరవై నిమిషాలకి లేస్తే తేలిగ్గా ఉంటుంది, ముప్పావుగంట పడుకుంటే గాఢనిద్రలోకి పోయి లేపినప్పుడు ఇంకా మత్తుగా, చిరాగ్గా ఉంటారు, "పగలు పడుకుంటే ఇంకా బద్ధకం పెరుగుతుంది" అని అమ్మలు అనేది ఈ రెండో రకం కునుకు చూసే. మన దగ్గర భోజనం టైములో హాస్టల్ గదులకి తాళం వేసే చోట్లు ఉన్నాయి, పిల్లలు పైకెళ్లి పడుకుంటే మళ్లీ రారని. ఆ భయంలో నిజం ఉంది, ఎనభై మందిని నిద్రలేపడం వార్డెన్‌కి మాత్రం ఏం తేలిక. క్లాసులోనే ఫ్యాన్ కింద తల వాల్చుకోనిస్తే ఆ తలనొప్పి తగ్గుతుందని ఇంకో వాదన.

పాఠం మారిస్తే ఏమవుతుంది

బోరు నిద్రని బయటపెడుతుంది అనుకున్నాం కదా, మరి బోరు తగ్గిస్తే నిద్ర ఎంతవరకు దాగుతుంది?

1991 నుంచి హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఒక పద్ధతి నడిపాడు. కాసేపు పాఠం, తర్వాత ఒక ప్రశ్న, పిల్లలు ఎవరికివాళ్లు జవాబు ఎంచుకుని ఓటేయాలి, పక్కవాళ్లతో వాదించుకోవాలి, మళ్లీ ఓటేయాలి. నేను దీన్ని రెండుంబావు క్లాసులో చేశాను, మిషన్లేం లేవు, ఛాతీకి దగ్గరగా వేళ్లు చూపించడమే, పక్కవాడు కాపీ కొట్టకుండా. ప్రశ్న ఇది: లిఫ్టులో వెయింగ్ మిషన్ మీద నిలబడ్డావు, లిఫ్టు పైకి పోతోంది కానీ పై ఫ్లోర్ దగ్గరపడి స్పీడు తగ్గుతోంది, మిషన్ నీ బరువు ఎక్కువ చూపిస్తుందా, తక్కువా, అంతేనా? పైకి పోతోంది కాబట్టి ఎక్కువ అని చాలా వేళ్లు లేచాయి. "సరే, పక్కవాడిని ఒప్పించు" అన్నాను. రెండు నిమిషాలు గది సంతలా అయింది, పక్క క్లాసు మేడమ్ తలుపు దగ్గరకొచ్చి చూసి వెళ్లారు. రెండోసారి ఓటేస్తే సగం మంది తక్కువ వైపుకి మారారు, అదే కరెక్టు, స్పీడు తగ్గుతోందంటే త్వరణం కిందికి ఉంది కదా. మూడో బెంచీవాడు కూడా మేలుకునే ఉన్నాడు, వాదించాడు కూడా. తర్వాత నేను బోర్డు మీద ఫార్ములా రాయడం మొదలుపెట్టాను, పది నిమిషాలకి వాడూ ఇంకో ఇద్దరూ మళ్లీ వాలిపోయారు. మిగతావాళ్లు వాలలేదు.

ఆ తేడా నాకు చాలా చెప్పింది. వాదన అయ్యాక కూడా మేలుకుని ఉన్నవాళ్లకి సమస్య నా పాఠం. మళ్లీ పడిపోయిన ముగ్గురికి సమస్య రాత్రి.

ఇలా పిల్లలతో పని చేయించే పద్ధతుల మీద 2014లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, 225 అధ్యయనాలు కలిపి చూశారు, సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల డిగ్రీ క్లాసుల్లో ఉత్త లెక్చర్ విన్నవాళ్లు ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు ఎక్కువగా తేలింది. ఇవి డిగ్రీ స్థాయి క్లాసులు, మన ఎనభై మంది ఇంటర్ సెక్షన్‌కి అచ్చంగా అంతే తేడా వస్తుందని చెప్పలేం. పైగా సిలబస్ అయిపోవాలి, లిఫ్టు ప్రశ్న ఒక్కటే నాకు పదిహేను నిమిషాలు తింది. "ఏకాగ్రత పదిహేను నిమిషాలే ఉంటుంది" అని ట్రైనింగుల్లో చెప్తారే, దానికీ గట్టి ఆధారం లేదని తర్వాత సమీక్షించినవాళ్లు అన్నారు. మనసు పోవడం రావడం పీరియడ్ అంతా చిన్న చిన్న విడతలుగా జరుగుతూనే ఉంటుంది.

టైము మార్చాలా వద్దా

అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఎనిమిదిన్నరకి ముందు పెట్టొద్దని చెప్పింది. సియాటిల్‌లో 2016లో 7:50 నుంచి 8:45కి మార్చారు, అందరూ అనుకున్నట్టు పిల్లలు ఇంకో గంట ఆలస్యంగా పడుకోలేదు, చేతి పట్టీలతో కొలిస్తే నిద్ర 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి 2022 నుంచి అమల్లో పెట్టింది. మన దగ్గర మహారాష్ట్ర 2024లో నాలుగో తరగతి దాకా తొమ్మిదింటికి ముందు బడి వద్దంది, మంచిదే, కానీ గడియారం వెనక్కి జరిగేది పదో తరగతి, ఇంటర్ పిల్లలకి.

ఇక్కడ అడ్డాలు ఊరికే చెప్పే సాకులు కావు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఎనిమిదింటికి ముందే బెల్లు కొట్టాలి, లేకపోతే రేకుల షెడ్డులో పిల్లలు వేగిపోతారు. పల్లెలో ఉన్న ఒక్క పల్లెవెలుగు బస్సు టైము బట్టి కాలేజీ నడుస్తుంది. అమ్మానాన్న పొలానికో కూలికో పొద్దున్నే పోతే తొమ్మిదింటికి పిల్లలని పంపేవాళ్లు ఉండరు. కాలేజీవాళ్ల మాట ఇంకోటి, మేం స్టడీ అవర్ తగ్గిస్తే తల్లిదండ్రులే ఎక్కువ గంటలున్న పక్క కాలేజీలో చేరుస్తారు అని, అడ్మిషన్ల సీజన్‌లో నేను విన్నంతలో అదీ నిజమే. కేంద్రం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకి ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి ఐదు గంటలకి మించొద్దని, మరీ తెల్లవారుజామునా మరీ రాత్రి పొద్దుపోయాకా క్లాసులు వద్దని ఉంది. కాలేజీ, కోచింగ్, హాస్టల్ ఒకే గేటు లోపల ఉన్న చోట ఏ గంట దేనికిందికి వస్తుందో తేల్చడం కష్టం.

ఇంకో సంగతి, వీళ్లంతా ఇంత కష్టపడేది ఏ పరీక్ష కోసమో ఆ నీట్ మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి.

అందరిదీ ఒకే కారణం కాదు

నిండుగా పడుకున్నా తూగేవాళ్లు కొందరు ఉంటారు, వాళ్ల దగ్గర పై లెక్కలేవీ పనిచేయవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, నీరసం, తలనొప్పి, పాఠం మీద నిలవలేకపోవడం దాని లక్షణాలు, బయటికి బద్ధకంలాగే కనపడుతుంది. జలుబుకి వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు మత్తు తెస్తాయి. టాన్సిల్స్ వాచి రాత్రంతా గురక పెట్టేవాడు పదిగంటలు పక్క మీదున్నా సరిగ్గా పడుకోనట్టే. నార్కోలెప్సీ అనే జబ్బు అరుదే కానీ తరచు ఈ టీనేజ్‌లోనే బయటపడుతుంది, నవ్వితే మోకాళ్లు వదులైపోవడం లాంటివి కూడా ఉంటే బెంచీ మీద నిలబెట్టే విషయం కాదది, డాక్టర్ చూడాల్సింది. నిద్ర చాలక తూగేవాడికీ వీళ్లకీ తేడా తెలిసే మామూలు దారి సెలవులు, వారం పది రోజులు కావాల్సినంత పడుకున్నాక కూడా పగలు తూగుతుంటే కారణం వేరే ఏదో ఉంది.

మూడో బెంచీవాడి విషయంలో నాకు ఆ అవకాశం దసరాకి దొరికింది. సెలవులకి ఇంటికెళ్లి వచ్చాడు, వాళ్లమ్మ ఎనిమిదింటిదాకా లేపలేదట, "వాడు పడుకోవడానికే వచ్చినట్టుంది సార్" అని దింపడానికొచ్చినప్పుడు నవ్వుతూ చెప్పింది. తిరిగొచ్చిన మొదటి రోజు అదే రెండుంబావు క్లాసు, అదే ఫ్యాను, అదే పప్పన్నం తిని వచ్చాడు, నేను చెప్పింది కూడా రొటేషనల్ మోషన్‌లో ఎవరికీ రుచించని భాగం. పీరియడ్ అంతా కళ్లు తెరిచే ఉన్నాడు, రెండుసార్లు డౌటు అడిగాడు. వెళ్లేటప్పుడు నోట్స్ చూశాను, లైన్లన్నీ తిన్నగా ఉన్నాయి. రోజూ చూడటం అలవాటు చేసుకున్నాను. తొమ్మిదో రోజు ఒక సున్నా సగం చుట్టి, అక్కడి నుంచి గీత కిందికి జారింది.